పది మార్చి, పది చూసిన మనిషి

ఆమె పోయిందన్న కబురు నాకు ఫోన్లో ఒక ఫొటోగా వచ్చింది. ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన వాళ్ళమంతా ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. పొద్దున్నే పువ్వుల బొమ్మలు, షుగరుకు చిట్కాలు, ఎవరో ఒకరి మనవడి పుట్టినరోజు. అంతే దాని బతుకు. ఆ రోజు ఆమె పాత గుర్తింపు కార్డు మీది ఫొటోను సాగదీసి, చుట్టూ దండ బొమ్మ అతికించి పెట్టారు. కింద జోడించిన చేతులు వరుసగా. ఒకరు మూడు జతలు పెడితే ఇంకొకరు ఆరు. ఆమెను గేటు బయటికి పంపిన రోజు ఈ చేతుల్లో ఒక్కటి కూడా పైకి లేవలేదు.

ఆ చేతుల మధ్య మా పాత మేనేజరు రాసిన మాట ఉంది. "చాలా డెడికేటెడ్ వర్కర్. ఆ ఒక్క పొరపాటు తప్ప ఆమెకు వంక పెట్టేందుకు లేదు. ఓం శాంతి."

ఆ ఒక్క పొరపాటు తప్ప!

నాకు డెబ్బై రెండు నిండాయి. బీపీ మాత్ర వేసుకుని పావుగంట కాలేదు. ఫోను మంచం మీదికి విసిరేశాను, కోపంతో. ఆ పొరపాటు ఎవరిదో ఈ లోకంలో ముగ్గురికే తెలుసు. ఒకామె పోయింది. రెండోవాడు ఓం శాంతి అంటున్నాడు. మూడోవాణ్ణి నేను. అందుకే రాస్తున్నాను. ఆమె పేరు మాత్రం రాయను. అది ఒక ఎంక్వైరీ ఫైల్లో తప్పుడు చోట కూర్చుని ఉంది. అక్కణ్ణించి లేచేదాకా ఇంకెక్కడా రాయబుద్ధి కాదు.

సికింద్రాబాద్ స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఒక ట్రస్టు ఆసుపత్రి ఉండేది. బీపీ, షుగరు, ఫిట్స్ లాంటి జబ్బులున్న పేదవాళ్ళకు అక్కడ నెలనెలా మందులు ఊరికే ఇచ్చేవారు. ఒక్కో మనిషికి ఒక్కో అట్ట కార్డు. ఆ కార్డులుండే గదికి నేను కాపలా. చదివింది ఏడో తరగతి. మిగతా చదువంతా మందు డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాల మీద, రైల్వే టైంటేబుల్ మీద, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికే పాత పుస్తకాల మీద చదివాను. ఇంగ్లీషు అట్లాగే వచ్చింది, ఉర్దూ అట్లాగే వచ్చింది. ఎవరూ నేర్పలేదు. కంప్యూటర్ మాత్రం ఆమె నేర్పింది.

కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడానికి ఆమెను కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ముప్పై దాటిన మనిషి, సన్నగా, నూనె రాసి బిగించిన జడ. వాళ్ళది కోస్తా కుటుంబం, తండ్రి రైల్వేలో పనిచేస్తూ చిలకలగూడలో స్థిరపడ్డాడు. ఇంట్లో నేర్చిన అండీలు పోలేదు, వీధిలో అంటుకున్న మన మాటలూ పోలేదు. వచ్చిన మొదటి వారమే ట్రస్టు పెద్దమనిషి ఒకాయన కార్డుల గది చూసి, "ఎక్కించడం కాగానే ఈ అట్టలన్నీ రద్దీ కాగితాల కొట్టుకి వేసేయండి" అన్నాడు. అట్టలు పోతే నేనూ పోతాను. ఆమె కుర్చీలోంచి లేచి, "కార్డులు ఉండాలండి. ఈయన కూడా ఉండాలి. రేపు నేను ఎక్కించింది తప్పో ఒప్పో దేన్ని చూసి చెప్పమంటారు?" అంది. నా ఉద్యోగం నిలబెట్టింది ఆ మాట. నేను ఆమె ఉద్యోగాన్ని ఏం చేశానో చెప్పడానికి వస్తున్నాను.

ఆమెను తలుచుకుంటే నాకు మొదట ఆమె చెయ్యి కనపడుతుంది. కంప్యూటర్లో ఏదైనా మార్చాలంటే ఆమె మిషినుకిచ్చే హుకుం మొత్తం టైపు చేసి, ఎంటర్ కొట్టకుండా కుడిచెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకునేది. ఎడమచేతి చూపుడువేలు తెర మీద ఆనించి, పెదాలు కదుపుతూ, బడిపిల్లలా లైను లైనూ చదివేది. పూర్తయ్యాక ఒక్క ఊపిరి తీసుకుని, అప్పుడు ఒళ్ళోంచి చెయ్యి లేచేది. తెలియనివాళ్ళు దేవుడికి దండం పెట్టుకుంటోంది అనుకునేవారు.

ఆమె ఏది రాసినా నాలుగు లైన్లుగా రాసేది. మొదటి లైన్లో ఏం మార్చాలి. రెండో లైన్లో ఎవరికి మార్చాలి. మూడో లైన్లో ఏ వరుసలో. నాలుగో లైన్లో ఎంతమందికి. ఆ నాలుగో లైన్లో ఎప్పుడూ ఒకటే అంకె: పది. జాబితాలో ఒక్కో మనిషీ ఒక్కో లైను, వాళ్ళ భాషలో రో. ఎన్ని రోలు మార్చాల్సి ఉన్నా సరే, ముందు పది మార్చేది. ఆ పదిమంది కార్డులూ నా చేత తెప్పించి బల్ల మీద పేకముక్కల్లా పరిచేది. తెర చూసి, అట్ట చూసి, ఒక్కొక్కటే బోర్లించేది. పదీ బోర్లపడ్డాక ఇంకో పది.

"గింత మెల్లగ ఎందుకమ్మా? మిషిన్ అన్నంక ధనాధన్ కొట్టుకుంట పోవాలె గద," అన్నాను ఒకసారి.

"బాబాయ్, దానికి పదైనా ఒకటే, పదివేలైనా ఒకటే. దానికేం నొప్పి? నొప్పి ఎవరికో వాళ్ళ లెక్కన పోవాలి."

వరుస ఎందుకమ్మా, పది అంటే సరిపోదా అని ఇంకోసారి అడిగాను. "ఏ పదో మీరు చెప్పకపోతే దాని ఇష్టమొచ్చిన పది తీసుకుంటుంది. తర్వాత మీరు కార్డులు ఎవరివని తెస్తారు?" అంది.

ఆ హుకుంలు నేర్పే పుస్తకం ఒకటి ఫుట్‌పాత్ మీద కొని, అట్ట ఊడిందాన్ని గోధుమపిండి జిగురుతో అతికించి, ఆరు నెలలు చదివాను. ఒకరోజు, "ఇయ్యాల నేను చేస్త, నువ్వు చూడు" అన్నాను. మంగళవారం డాక్టరు దగ్గర జనం ఎక్కువయ్యారని, చిలకలగూడ వాళ్ళలో వందమందిని గురువారానికి మార్చాలి. నేను నాలుగు లైన్లూ రాశాను. చిలకలగూడ వాళ్ళు, కార్డు నంబరు వరుసన, పది. కొట్టాను. దొరికినవి పది అంది మిషిను. మళ్ళీ కొట్టాను. మళ్ళీ పది. అట్లా పదిసార్లు కొట్టి, వంద అయిందని కాలర్ ఎగరేశాను.

ఆమె తెర చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి.

"బాబాయ్, ఆ పదిమందినే పదిసార్లు గురువారంలోకి తోశారు. పాపం వాళ్ళు గురువారం గురువారం అంటూ తిరిగి తిరిగి కళ్ళు తిరిగి పడుంటారు."

ఎందుకంటే గురువారానికి మారినా వాళ్ళు చిలకలగూడ వాళ్ళే కదా. ఇంకా మంగళవారంలోనే ఉన్నవాళ్ళు అని నేను రెండో లైన్లో చెప్పలేదు. మొదటిసారి తర్వాత మిషిను ప్రతిసారీ ఇంకో మాట కూడా చెప్పింది: దొరికినవి పది, మారినవి సున్నా. నేను ముందు సగమే చదివి మురిసిపోయాను. ఆమె నవ్వడం ఆపి, "సగం చదివితే చదివినట్టు కాదు" అంది. ఆ తర్వాత ఎవరి దగ్గరా ఆ సంగతి ఎత్తలేదు. క్యాంటీన్లో చెప్పి ఉంటే నెలరోజులు నన్ను గురువారం తాత అని పిలిచేవాళ్ళు.

ఆమెకు 'అందరూ' అన్న మాట గిట్టేది కాదు. అందరూ సెలవులో ఉన్నారంటే "అందరూ అంటే ఎవరు?" అనేది. మందు అందరికీ అందిందంటే "ఎంతమందికి?" అనేది. దీనివల్ల ఆసుపత్రిలో సగంమందికి ఆమె అంటే చిరాకు. ఒకసారి మోండా మార్కెట్లో కనపడింది. వంకాయలు ఒక్కొక్కటే తీసి, తొడిమ ఎత్తి, తిప్పి చూసి పక్కన పెడుతోంది. అమ్మే ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏందమ్మా, వంకాయలు కొంటున్నవా, పిల్లను చూస్తున్నవా? అన్నీ మంచిగనే ఉన్నయ్" అంటే, "అన్నీ అంటే ఎన్ని చూశావు నువ్వు?" అంది. ఆ అమ్మి నావైపు తిరిగి, "తాతా, నీ బిడ్డనా? జెర తీస్కపో" అంది. నేను నవ్వాను. నా బిడ్డ అనుకున్నందుకు లోపల సంబరపడ్డాను కూడా. ఆ సంబరానికి నాకు అర్హత లేదని తర్వాత తేలింది.

కొత్త మేనేజరు వచ్చాడు. టై కట్టేవాడు, ప్రతి మాటకూ 'ఫటాఫట్' అనేవాడు. విరాళాలిచ్చే పెద్దలు శనివారం చూడ్డానికి వస్తున్నారు, జాబితా శుభ్రంగా కనపడాలి అన్నాడు. మూడు నెలలుగా మందులు తీసుకోనివాళ్ళ కార్డులు మూసేయాలట. అయితే మూసేయాలంటే ఆ మనిషికి నోటీసు పంపాలన్నది ట్రస్టు నియమం. చచ్చిపోయినవాళ్ళకు నోటీసు అక్కర్లేదు. కాబట్టి వాళ్ళందరికీ 'మృతి' అని పెట్టేయమన్నాడు. ఎంత తెలివి చూడండి! కాగితం ఖర్చు తప్పించుకోడానికి మనుషుల్ని చంపడం.

ఆమె కాదనలేదు. తన పద్ధతిలో మొదటి పది మార్చింది. నేను పది కార్డులు తెచ్చాను. ఆమె కౌంటరు ఫోను ముందు పెట్టుకుని ఒక్కొక్కరికీ ఫోను చేసింది. తగలనివాళ్ళ కోసం సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు బస్సు దిగి గల్లీలు వెతికింది. పదిమంది మృతుల్లో నలుగురు బతికే ఉన్నారు. ఒకాయన కూతురి కాన్పుకని ఊరెళ్ళాడు. ఒకామె కాలు విరిగి మంచంలో ఉంది. ఒకామెకు మనవాళ్ళే పొరపాటున రెండు కార్డులిచ్చారు, ఆమె రెండోదాని మీద తీసుకుంటోంది. నాలుగో ఆయన ప్రతి నెలా వస్తూనే ఉన్నాడు. ఆయన మందే మన దగ్గర లేదు, తిప్పి పంపుతున్నాం!

ఆ నలుగురినీ మళ్ళీ బతికించి, ఆమె మేనేజరు గదికి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది, నాకు వినపడుతోంది.

"సార్, ఈ మూడు నెలల షరతు తప్పండి. పదిలో నలుగురు ఉన్నారు."

"ఉంటే ఉండనీయమ్మా. వచ్చినప్పుడు మళ్ల ఖోల్తం గద."

"మందిచ్చే కిటికీ దగ్గర మృతి అని చూపిస్తే ఇవ్వరు కదండీ. మళ్ళీ తెరిచేదాకా వాళ్ళేం మింగుతారు?"

"నువ్వు గిట్ల పదేసి చేస్కుంట కూసుంటె శనివారం దాకా ఐతదా? ఫటాఫట్ కొట్టేసెయ్."

"పదేసే చేస్తానండి. ఎన్నయితే అన్నే."

బయటికి వచ్చి కుర్చీలో కూర్చుంది. మొహం ఎర్రగా ఉంది. చెయ్యి మాత్రం ఒళ్ళోనే ఉంది.

గురువారం పొద్దున పదకొండు గంటల ప్రాంతం. ఆమె ఇంకో పదికి నాలుగు లైన్లు రాసి, చదివి, ఎంటర్ కొట్టలేదు. "ఈసారి ముందు కార్డులు చూసి తర్వాత మారుద్దాం బాబాయ్" అంది. కార్డులు తేవడం నా పని. కానీ ఆ రోజు నా మోకాళ్ళు వాచి ఉన్నాయి. "మీరు కూర్చోండి, నేను తెస్తా" అని ఆమె కార్డుల గదిలోకి వెళ్ళింది. నా మోకాళ్ళ కోసం వెళ్ళింది. ఈ ముక్క రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

మేనేజరు వచ్చాడు. "ఏదయ్యా ఆమె?"

"కార్డులు తేను పోయింది సార్."

ఆయన ఆమె కుర్చీలో కూర్చున్నాడు. తెర చూశాడు. "గీ పది అన్నది తీసేస్తే ఐపాయె గద, దీనికింత లొల్లి" అని, చివర కర్సరు పెట్టి, వెనక్కి చెరిపే మీట మీద వేలు ఆనించి పట్టుకున్నాడు. నాలుగో లైను పోయింది. వేలు తియ్యలేదు. మూడో లైను పోయింది. వేలు తియ్యలేదు. రెండో లైను పోయింది. ఎవరికి అన్న లైను. అది పోతే మిగిలింది ఒక్కటే, మృతి అని పెట్టు. ఎవరికి అని లేకపోతే ఉన్న ప్రతి ఒక్కరికీ.

అది నాకు తెలుసు. ఆ గదిలో ఉన్న ఇద్దరిలో తెలిసినవాణ్ణి నేనే. అట్ట ఊడిన పుస్తకం ఆరు నెలలు చదివినవాణ్ణి. నోరు తెరిచాను. "సార్" అన్నాను.

"ఏందయ్యా?"

"ఏం లేదు సార్."

ఆయన ఎంటర్ కొట్టాడు.

ఏం లేదు సార్. ఈ మూడు మాటలు నా జీవితంలో ఎన్నిసార్లు అన్నానో! పెద్దాఫీసర్ల ముందు, పోలీసుల ముందు, రేషను షాపువాడి ముందు. అవి నోట్లో అట్లా తయారుగా ఉంటాయి. ఏడో తరగతి చదివినవాడికి మొదట అబ్బే చదువు అదే. ఎన్ని పుస్తకాలు చదివినా దాన్ని తుడిచెయ్యలేకపోయాను.

ఆమె పది కార్డులు గుండెకు హత్తుకుని వచ్చింది. మేనేజరు లేచి నిలబడి, "చూడమ్మా, నీ నాలుగు రోజుల పని ఒక్క మినిట్ల చేసిన" అన్నాడు. ఆమె తెర మీద అంకె చూసింది. కార్డులు బల్ల మీద పెట్టింది.

"సార్, అందరూ పోయారు."

"అందరంటే?"

"అందరూ అంటే అందరేనండి."

ఆ మాట ఆమె నోట వినడం నాకు అదొక్కసారే.

పాత కాపీ నుంచి వెనక్కి తెచ్చుకోవచ్చు కదా అంటారేమో. వారం వారం కాపీ తీసిపెట్టడానికి ఒక డిస్కు కావాలని ఆమె మూడుసార్లు రాసిచ్చింది. మూడుసార్లూ వృథా అన్నారు. ఉన్న కాపీ ఎప్పటిదో. ఆమె మేనేజరును ఒకటే అడిగింది. సరిచేసేదాకా కిటికీ దగ్గర కంప్యూటర్ చూడకుండా అట్ట కార్డు చూసి మందివ్వమనండి అని. ఆయన ఒప్పుకోలేదు. అట్లా చెప్తే ఏదో అయిందని తెలిసిపోతుంది, పెద్దలు శనివారం వస్తున్నారు, చప్పుడు చెయ్యకుండా సరిచెయ్ అన్నాడు.

మేమిద్దరం కార్డులు ముందేసుకుని పదేసి పదేసి మనుషుల్ని బతికిస్తూ కూర్చున్నాం. అవతల కిటికీ దగ్గర గోల. ఒక ముసలామె గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "నేను సచ్చిన్నా? మరి నీ ముంగట నిలబడ్డదెవరురా, నా దయ్యమా? దయ్యానికన్న గోలీలియ్యి, బీపీ ఉన్నది దానికి!" వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ ముసలామె ఇంటికి వెళ్ళిపోయింది, మందు లేకుండానే.

చిలకలగూడలో మిర్చి బండి పెట్టుకునే ఒకాయనకు ఫిట్స్. గురువారం వచ్చాడు, తిప్పి పంపారు. శనివారం వచ్చాడు, తిప్పి పంపారు. ఆయన కార్డు మా బల్ల మీదికి వచ్చే వరుస ఇంకా రాలేదు. సోమవారం బండి దగ్గర ఫిట్స్ వచ్చి, కాగే నూనెలో చెయ్యి పడింది. ప్రాణం దక్కింది. వేళ్ళు అతుక్కుపోయాయి.

అప్పుడు ఎంక్వైరీ. ట్రస్టు నుంచి ఇద్దరు వచ్చారు. కంప్యూటర్ ఏం చెప్తుంది? ఏ పేరుతో తెరిచి ఉందో ఆ పేరు చెప్తుంది. ఎవరి వేలో దానికి తెలియదు. కాగితం మీద ఆమె పేరు, గురువారం పదకొండు చిల్లర. మేనేజరు నన్ను గదిలోకి పిలిచి టైపు చేసిన కాగితం ఒకటి నా ముందు పెట్టాడు. ఆ సమయంలో నేను కార్డుల గదిలో ఉన్నాననీ, ఆపరేటరు తన సీట్లోనే ఉందనీ. "నీ రిటైర్మెంట్‌కు ఎనిమిది నెలలున్నది గద. పరేషాన్ గాకు. గీడ సంతకం పెట్టు" అన్నాడు.

పెట్టాను.

ఎంక్వైరీవాళ్ళు దాన్ని ఆమెకు చూపించారు. ఆమె మొదటి నుంచి చివరిదాకా చదివింది, వేలు ఆనించి. తర్వాత తల ఎత్తి నన్ను అడిగింది. "బాబాయ్, మీరు కార్డుల గదిలో ఉన్నారా?"

"ఉన్న అమ్మా," అన్నాను, నేల చూస్తూ.

ఆమె ఆ కాగితం తిరిగి వాళ్ళ ముందుకు జరిపింది. ఆ సాయంత్రమే తీసేశారు.

పదకొండేళ్ళయింది. మధ్యలో ఒక్కసారి కలిసింది. ఏదో ఫారం నింపించుకోవాలని ఆన్‌లైన్ సెంటర్‌కి పోతే ఆ కుర్చీలో ఆమె. అప్లికేషన్లు నింపే పని. నన్ను చూసి లేచింది. "మోకాళ్ళెలా ఉన్నాయి బాబాయ్?" అని స్టూలు జరిపింది. నా ఫారం టైపు చేసి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, లైను లైనూ చదివి, "పుట్టిన నెల తప్పు రాసిచ్చారు" అని సరిచేసింది. చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది. ఆ మర్యాదకు నాకు ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు, ఆ స్టూలు మీద కూర్చున్న నా మీద.

"నేను చెప్త అమ్మా. ఒక రోజు అందరి ముంగట చెప్త," అన్నాను.

"ఏ రోజు?" అంది.

నేను ఫారం మడతపెట్టుకున్నాను. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "ఏ రోజో అనుకోకపోతే అది రాదు బాబాయ్" అని, తర్వాత వరుసలో ఉన్నవాళ్ళను పిలిచింది.

రాలేదు. ఆమె పోయాక వచ్చింది. మొన్న ఓం శాంతి కింద నేను రాశాను, అక్షరం అక్షరం గుచ్చి. ఆ గురువారం ఆ మీట నొక్కింది మీరు, చూస్తూ ఊరుకున్నది నేను, అబద్ధం మీద సంతకం పెట్టింది నేను అని. ఐదో నిమిషంలో నన్ను గ్రూపులోంచి తీసేశారు. సంతాప సమయంలో రాజకీయాలు వద్దని ఒకడు విడిగా ఫోను చేసి బుద్ధి చెప్పాడు. మిర్చి బండి మనిషి వేళ్ళు రాజకీయమట!

తెల్ల కాగితాలు కొని మొత్తం చేత్తో రాశాను, రెండు పేజీలు. చిలకలగూడలో వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ పోయాను. రెండో అంతస్తు. తలుపు తీసింది ఆమె భర్త. గడ్డం పెరిగి ఉంది. నేనెవరో చెప్పాను.

"కార్డుల బాబాయ్ గారా? ఎప్పుడూ చెప్పేదండీ మీ గురించి. రండి."

నేను లోపలికి పోలేదు. గడప బయటే నిలబడి కాగితాలు ఇచ్చాను. ఆయన గుమ్మంలోనే చదివాడు. చదివి, మళ్ళీ మొదటి పేజీకి పోయాడు. గోడకు ఆనుకున్నాడు.

"ఆ రోజు ఇంటికొచ్చి, నేను కాదండీ అంది. కంప్యూటర్లో నీ పేరే ఉందిగా అన్నాను. మిషను అబద్ధం చెప్తుందా అన్నాను. రెండు మూడుసార్లు చెప్పి మానేసింది." కాగితాల మడత సరిచేశాడు. "తర్వాత నాకదో వేళాకోళం అయిపోయిందండీ. కూరలో ఉప్పెక్కువైతే, ఏంటి, ఊరందరికీ వేసేశావా అనేవాణ్ణి. పదకొండేళ్ళు అన్నాను. తను నవ్వేది."

నేను ఏదో అనబోయాను.

"మీరు మాట్లాడకండి," అన్నాడు. గొంతు పెరిగింది. "ఈ కాగితం ఈ గుమ్మం దాకా తేవడానికి మీకు పదకొండేళ్ళా? ఎక్కడుంటారు మీరు? అమెరికాలోనా? రెండు బస్టాపులు!"

అవును, రెండు బస్టాపులే.

ఆయన లోపలికి తిరిగి, "అత్తయ్యా!" అని కేక పెట్టాడు. "అత్తయ్యా, ఇలా వచ్చి కూర్చోండి." ఆమె తల్లి గోడ పట్టుకుంటూ వచ్చింది. చాలా ముసలిది, చెవులు సరిగ్గా వినపడవు. ఈవిడే కూతురు చేసిన తప్పుకు చుట్టాలందరికీ సంజాయిషీలు చెప్పుకుంటూ తిరిగిందని ఆయన నాతో అన్నాడు. నన్ను పొమ్మనలేదు, రమ్మనలేదు. కుర్చీ లాగి ఆమె ఎదురుగా కూర్చుని, పైకి చదవడం మొదలుపెట్టాడు.

"ఏంటీ?" అంది ఆవిడ. ఆయన గట్టిగా చదివాడు. ఎదురింటి తలుపు తెరుచుకుంది. పై మెట్ల మీద ఎవరో ఆగారు. నా చేతిరాత ఆయన గొంతులో అంతస్తంతా మోగుతోంది. ఆయన మేనేజరు వేలు దాకా వచ్చాడు, "ఏం లేదు సార్" దాకా వచ్చాడు, సంతకం దాకా వచ్చాడు. చివర నా పేరు కూడా చదివాడు.

ఆవిడ చెయ్యి చాపి అల్లుడి మోకాలు పట్టుకుంది.

"అయితే మన పిల్ల కాదా?"

"కాదత్తయ్యా."

"మళ్ళీ చదువు," అంది.

ఆయన మొదటి లైను నుంచి మొదలుపెట్టాడు, ఇందాకటికంటే గట్టిగా. ఎదురింటివాళ్ళు నన్నే చూస్తున్నారు. నేను మెట్ల కమ్మీ పట్టుకుని, చివరిదాకా అక్కడే నిలబడ్డాను.